ఆల్చిప్పలో వెండి, ప్లాస్టిక్‌లో అల్యూమినియం

హైదరాబాద్ అమీర్‌పేటలో అసలూ నకలూ భుజాలు రాసుకుని తిరుగుతాయి. బంగారు పూత నగలమ్మే వన్ గ్రామ్ గోల్డ్ దుకాణాల్లో కాసులపేరు నుంచి వడ్డాణం దాకా ఏది కావాలంటే అది దొరుకుతుంది. అక్కణ్ణుంచి కాస్త ముందుకెళ్లి పంజగుట్ట చేరితే అద్దాల మేడల్లో అసలు బంగారం షోరూములు. పెళ్లిపందిట్లో ఎవరి మెడలో ఏది మెరుస్తోందో దూరం నుంచి చెప్పమంటే కంసాలి కూడా తడుముకుంటాడు. అడిగితే మాత్రం చాలామంది దాచరు. “వన్ గ్రామేనండీ, బాగుంది కదా!” అంటారు. ఆ మాటలో మన తార్కికులు శతాబ్దాల పాటు కొట్టుకున్న చిక్కే ఉంది. లేదని తెలిసిన దాన్ని ఉన్నట్టే చూసి సంతోషిస్తే దాన్ని ఏమనాలి? భ్రమ అనాలా, అబద్ధం అనాలా, మరేదైనా పేరు పెట్టాలా?

ఈ చిక్కును పరీక్షించడానికి బంగారం అంత మంచి సరుకు కాదు. అందులో డబ్బు కలిసింది, పరువు కలిసింది. అల్యూమినియం మేలు.

స్కేల్ మోడలింగ్ అనే సరదా ఒకటుంది. అసలు విమానాన్ని 72వ వంతుకో 48వ వంతుకో తగ్గించి, ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు వేసి నిలబెట్టడం. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1953లో స్పిట్‌ఫైర్ కిట్ తెచ్చాక ఇది సామాన్యుల ఇళ్లలోకి చేరింది. ఆకుపచ్చా గోధుమా పూసుకున్న యుద్ధవిమానాన్ని చేయడం ఒక ఎత్తు. అసలు రంగే వేయని విమానాన్ని, అంటే ఒళ్లంతా అల్యూమినియం రేకే బయటికి కనిపించేదాన్ని చేయడం మరో ఎత్తు. ఈ పని చేసేవాళ్లు దాన్ని పొట్టిగా ఎన్ఎంఎఫ్ అంటారు, నేచురల్ మెటల్ ఫినిష్. లేని రంగును రంగుతోనే చూపించాలి. సరదాలో ఇంత వేదాంతం ఇరుక్కున్న చోటు ఇంకోటి ఉండదు.

అమీర్‌పేట మిద్దెలకు ఆ మెరుపు కొత్తదేమీ కాదు. ఉత్తరాన కూతవేటు దూరంలో బేగంపేట. 1930లలో హైదరాబాద్ ఏరో క్లబ్‌తో మొదలైన ఆ విమానాశ్రయం, 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయేదాకా నగరానికి ఆకాశం వైపున్న గుమ్మం. నిజాం సర్కారూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్‌కు అదే ఇల్లు. ఆ సంస్థ నడిపినవి డకోటాలు. డగ్లస్ కంపెనీ డీసీ-3 మొదట ఎగిరింది 1935 డిసెంబర్ 17న. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, డకోటాగా పేరుపడ్డ దాని సైనిక రూపాన్ని పదివేలకు పైగా తయారుచేశారు. యుద్ధం ముగియగానే అవి చవగ్గా అమ్మకానికొచ్చాయి. మన దేశపు విమాన సంస్థలు చాలావరకు వాటితోనే కాళ్లూనుకున్నాయి. ఎన్నో సంస్థలు కాదన్న ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగం ఇచ్చింది డెక్కన్ ఎయిర్‌వేసే. వాణిజ్య విమానం నడిపిన తొలి భారతీయ మహిళగా ఆమె పేరు చరిత్రకెక్కింది. 1953 ఆగస్టు 1న మరో ఏడు సంస్థలతో పాటు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ పేరు ఇప్పుడు పాత నలుపు తెలుపు ఫొటోల్లోనే కనిపిస్తుంది.

కాబట్టి హైదరాబాద్‌లో ఉండి లోహపు విమానం కట్టాలనుకునే మనిషికి డకోటాను మించింది లేదు. అసలు విమానం రెక్కల చివరి నుంచి చివరికి సుమారు 29 మీటర్లు. 72వ వంతు నమూనాలో అది 40 సెంటీమీటర్లు. చదువుకునే బల్లమీద సరిపోతుంది.

పని మొదట్లో అంతా వడ్రంగమే. రెక్క పైముక్కా కిందిముక్కా అతికిస్తే ముందు అంచున సన్నటి గీత మిగులుతుంది. దానికి పుట్టీ పెట్టి, ఆరాక వాటర్ పేపరుతో రుద్దాలి. 400 నంబరుతో మొదలుపెట్టి 800, 1500, 2000, 3000 దాకా తడుపుతూ రుద్దుతూ పోవాలి. మామూలు రంగైతే చిన్నచిన్న గీతల్ని కడుపులో దాచుకుంటుంది. మెటల్ రంగు దాచదు, చాటింపు వేస్తుంది. అందులోని అల్యూమినియం పలుకులు ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పరుచుకుంటాయి, కింద గీత ఉంటే వెలుగు అక్కడ విరుగుతుంది. అప్పటిదాకా వేలికి కూడా తగలని గీత ఊరందరికీ కనబడుతుంది. ఐదారు మిల్లీమీటర్లుండే రివెట్ తల ఈ కొలతలో మిల్లీమీటరులో పన్నెండో వంతు, అంటే దాదాపు తలవెంట్రుక మందం. ఇక గీతను క్షమించేదెలా?

ఆ తరవాత జరిగేది కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. వెండిలా మెరవాల్సిన విమానానికి ముందు నిగనిగలాడే నల్లరంగు వేస్తారు. అది గాజులా ఆరాక, ఆల్‌క్లాడ్ లాంటి లాకర్ రంగును ఎయిర్‌బ్రష్‌తో, పది పదిహేను పీఎస్ఐ ఒత్తిడికి మించకుండా, పొగ పట్టినట్టు పలచగా వదులుతారు. మొదటి వరసకు నలుపు మీద బూడిద పడ్డట్టుంటుంది. రెండోదానికి సీసం. మూడోదానికి ఉన్నట్టుండి లోహం అవుతుంది. అక్కడే ఆపాలి. ఆశపడి నాలుగోది వేస్తే మళ్లీ మామూలు వెండిరంగు డబ్బా వాలకం వస్తుంది. వర్షాకాలంలో ఈ పని పెట్టుకోకూడదు, గాలిలోని తేమకు లాకర్ తెల్లబారుతుంది. ముఖానికి ఆవిర్లను వడకట్టే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు లేకుండా అసలే పెట్టుకోకూడదు. అమీర్‌పేట బాల్కనీలో అయితే రోడ్డు దుమ్ము, పావురాల ఈకలు అదనం.

అయినా ఒకే మెరుపుతో ఊరుకుంటే బొమ్మే అవుతుంది. అసలు విమానపు రేకులన్నీ ఒక్కలా మెరవవు. ఒక్కో రేకును సాగదీసిన దిక్కును బట్టి ఎండ ఒక్కోలా పడుతుంది. అందుకని కొన్ని పలకల్ని మాస్కింగ్ టేపుతో వేరుచేసి, ఇంకో ఛాయ వేయాలి. టేపు లాగేటప్పుడు మెరుపు కూడా ఊడి రాకుండా, దాన్ని ముందు ముంజేతికి రెండుసార్లు అంటించి జిగురు చంపుతారు. అన్నిటికన్నా గమ్మత్తు తోక దగ్గర, రెక్కల వెనకంచుల దగ్గర. డకోటాలో విమానాన్ని తిప్పే కదిలే పలకలు, అంటే రడ్డరు, ఎలివేటర్లు, ఐలరాన్లు లోహం కావు. చట్రం మీద బట్ట బిగించి, ఎండకు పాడవకుండా అల్యూమినియం పొడి కలిపిన పూత వేసినవి. అంటే అసలు విమానంలోనే లోహం పక్కన లోహంలా కనిపించే రంగు ఉంది! నమూనా కట్టేవాడు ప్లాస్టిక్ మీద ఒకచోట లోహంలా, పక్కనే లోహంలా నటించే బట్టలా రంగు వేయాలి. నకిలీకి నకిలీ చేయాలన్నమాట.

ఇలాంటి మెరుపు మీదే మన శాస్త్రాల్లో పెద్ద వ్యాజ్యం నడిచింది. ఒడ్డున ఆల్చిప్ప ఎండకు తళుక్కుమంటుంది. దారినపోయేవాడు వెండి అనుకుని వంగుతాడు. 17వ శతాబ్దంలో మన తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో అయథార్థ జ్ఞానానికి ఇచ్చిన ఉదాహరణ ఇదే. తర్కం నేర్చుకోవాలనుకునే పిల్లలు ఇప్పటికీ ఆ పుస్తకంతోనే మొదలుపెడతారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లో అధ్యాసను, అంటే ఒకదాని మీద మరోదాన్ని ఆరోపించడాన్ని, వివరిస్తూ ఎత్తుకున్నదీ దీన్నే. చిప్ప చిప్పే. మరి కంటికి కనిపించిన ఆ వెండి ఎక్కడిది?

నైయాయికుల జవాబు సరదాగా ఉంటుంది: అది అంగట్లో ఉన్న వెండి. ఎప్పుడో చూసిన వెండి జ్ఞాపకం ద్వారా వచ్చి ఈ చిప్ప మీద కూర్చుంది. పంజగుట్ట షోరూములో ఉండాల్సిన సరుకు సముద్రపు ఒడ్డుకు చేరినట్టు. ప్రాభాకర మీమాంసకులు ఇంత దూరం పోరు. అక్కడ తప్పు జ్ఞానమే లేదంటారు. కళ్లు చూసింది ‘ఇది’, మనసు తలుచుకున్నది ‘వెండి’, రెంటికీ మధ్య తేడాను గమనించకపోవడమే పొరపాటు. విజ్ఞానవాద బౌద్ధులకు ఆ వెండి లోపలి తలపే. ఇక నాగార్జునుడి బాటలో నడిచే శూన్యవాదులు, మాధ్యమికుల సంగతి సరేసరి, లేనిదే కనిపించిందంటారు. పంజగుట్ట నుంచి బంజారాహిల్స్ ఎక్కేచోట నాగార్జున సర్కిల్ దగ్గర రోజూ గంటల తరబడి ట్రాఫిక్‌లో నిలబడే జనానికి శూన్యవాదం ఎలాగూ గుర్తురాదు కాబట్టి దాన్ని అక్కడే వదిలేద్దాం. అద్వైతులు మాత్రం గట్టి మెలిక పెట్టారు. ఆ వెండి ఉన్నదంటే తరవాత మాయం కాకూడదు, లేనిదంటే కనిపించనేకూడదు. కనక ఉన్నదీ కాదు, లేనిదీ కాదు, ఇదమిత్థమని చెప్పలేనిది.

రామానుజుల వాదం వీటన్నిటికీ ఎదురు నడుస్తుంది. పంచభూతాలన్నీ అన్నిటిలోనూ ఎంతో కొంత కలిసే ఉంటాయి కాబట్టి చిప్పలో వెండి అంశ నిజంగానే ఉంది, అందుకే వెండిలా కనిపించింది, కాకపోతే వ్యవహారానికి చాలనంత కొంచెం ఉంది. దీన్ని విని నవ్వేవాళ్లు చాలామంది. అయితే ఎయిర్‌బ్రష్ పట్టుకున్న మనిషి నవ్వడానికి వీల్లేదు. అతని సీసాలో ఉన్నది నిజంగా అల్యూమినియం పొడే! ప్లాస్టిక్ డకోటా మెరిసేది లోహం లేకపోబట్టి కాదు, పిసరంత లోహం ఉండబట్టే. కొందరు లాకర్‌కు బదులు జిగురున్న సన్నటి అల్యూమినియం రేకునే నమూనా ఒంటికి అంటిస్తారు. అప్పుడు పైన కనిపించేదంతా అసలు లోహం. విచిత్రమేమిటంటే అది మరీ అద్దంలా వెలిగి బొమ్మలా ఉందని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. విమానాన్ని 72వ వంతుకు తగ్గించవచ్చు గానీ లోహపు మెరుపును తగ్గించలేం కదా. అసలు పదార్థం నకిలీలా, నకిలీ పూత అసలులా కనిపించే ఈ తగవును రామానుజుల శ్రీభాష్యం చదివిన పండితుడి ముందు పెడితే మంచి సభ జరుగుతుంది.

అసలు విమానం దగ్గరికొద్దాం. యుద్ధం ముగిశాక చాలా డకోటాలకు సైన్యపు ఆకుపచ్చ రంగు గీకేశారు. కింద రేకు బయటపడింది. పెద్ద విమానానికి మెరుపు తీసివేతతో వచ్చింది, చిన్నదానికి పూతతో వస్తోంది. అద్వైతంలో బోధించే పద్ధతే ఇది. ముందు ఆరోపించడం, తరవాత తొలగించడం. అధ్యారోపం, అపవాదం అంటారు. గీకేసిన చోట సత్యం దొరికిందని ఇక్కడితో ఆపితే కథ ముచ్చటగా ఉండేది. అలా ఆగదు. విమానాలకు వాడే గట్టి అల్యూమినియం మిశ్రమలోహానికి తుప్పు బెడద ఎక్కువ. అందుకని 1920ల చివర్లో అమెరికాలో ఒక ఉపాయం కనిపెట్టారు. ఆ మిశ్రమలోహపు రేకుకు రెండువైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొరను అతికించి సాగదీయడం. దానికి పెట్టిన పేరు ఆల్‌క్లాడ్. లాకర్ సీసా మీద ఉన్నదీ అదే పేరు. కాబట్టి ఆకాశంలో మెరిసిన ‘అసలు’ లోహం కూడా తొడుగే. బరువు మోసేది లోపలిది, మెరిసేది పైది. గీకుతూ పోతే సత్యం తేలుతుందనుకునే వేదాంతి ఈ రేకు దగ్గర కాసేపు ఆగక తప్పదు.

ఇంతకీ మొదటి ప్రశ్న తేలలేదు. ఆల్చిప్ప కథలో ఒక షరతు ఉంది: చిప్ప అని తెలిసిన మరుక్షణం వెండి పోవాలి. వంగినవాడు నిటారుగా నిలబడి నడిచిపోవాలి. నమూనా కట్టినవాడికి అది ప్లాస్టిక్ అని మొదటినుంచీ తెలుసు, వారాల తరబడి రుద్దింది తనే. అయినా దీపం కింద పెట్టి చూస్తే అల్యూమినియమే కనిపిస్తుంది. దీనికీ అద్వైతుల దగ్గర ఒక గది ఉంది. స్ఫటికం పక్కన మందారం పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు స్ఫటికానిది కాదని తెలిసినా పువ్వు తీసేదాకా అది పోదు. దీన్ని సోపాధిక భ్రమ అన్నారు. లాకర్ ఉన్నంతకాలం మెరుపు ఉంటుంది, సరే. కానీ ఇక్కడ మోసపోయినవాడే లేడు, మరి భ్రమ ఎవరికి?

నవ్యన్యాయంలో ఇంతకన్నా సూటిగా అతికే మాట ఉంది: ఆహార్యజ్ఞానం. ‘అది కాదు’ అన్న తెలివిడి ఉండగానే ఇష్టపడి ‘అదే’ అని తెచ్చిపెట్టుకునే జ్ఞానం. ఇందులో అజ్ఞానం లేదు, కోరిక ఉంది. ఆలంకారికులు ఇంకో అడుగు వేశారు. 9వ శతాబ్దపు కాశ్మీర పండితుడు శ్రీశంకుకుడు, నాటకంలో నటుణ్ణి రాముడిగా చూడడం ఎలాంటిదో చెబుతూ బొమ్మలోని గుర్రాన్ని ఉదాహరణగా తెచ్చాడు. బొమ్మను చూసి ‘గుర్రం’ అంటాం. అది సరైన జ్ఞానం కాదు, తప్పు జ్ఞానం కాదు, అవునో కాదో అన్న సందేహం కాదు, గుర్రంలా ఉందన్న పోలిక కూడా కాదు. నాలుగింటికీ చెందని అయిదోది. దానికి చిత్రతురగ న్యాయమని పేరు. తరవాత భట్టతౌతుడు, అభినవగుప్తుడు శంకుకుడి రససిద్ధాంతాన్ని తూర్పారబట్టారు. రసం సంగతి వాళ్లు చెప్పిందే సరి కావచ్చు. ప్లాస్టిక్ డకోటా విషయంలో మాత్రం శంకుకుడే గెలిచాడు. చూడ్డానికి వచ్చిన చుట్టం ‘అబ్బ, డకోటా!’ అంటాడే తప్ప ‘డకోటా లాంటి ప్లాస్టిక్’ అనడు. అలాగని అందులో ఎక్కి ఢిల్లీ వెళ్దామనీ అనడు.

గుళ్లో జరిగేదీ దీనికి దగ్గరిదే. అమీర్‌పేటను ఆనుకునే బల్కంపేట ఎల్లమ్మ గుడి. అమ్మవారు భూమి మట్టానికి దిగువన ఉంటుంది. ఆషాఢంలో కల్యాణానికి జనం రోడ్లన్నీ నింపేస్తారు. పంజగుట్ట ద్వారకాపురి కాలనీలో సాయిబాబా గుడికి గురువారాలు ఇసకేస్తే రాలనంత జనం. ఏ గుళ్లోనైనా వెండి కవచం తొడిగిన విగ్రహం ముందు నిలబడ్డ భక్తురాలికి కింద ఉన్నది రాయని తెలుసు. తెలిసే దండం పెడుతుంది. ఆమెను భ్రమలో ఉందనేవాడు ఆల్చిప్ప పాఠాన్ని తప్పుగా అప్పజెబుతున్నాడు. శంకరులే సాలగ్రామంలో హరిని చూడడాన్ని ఉపాసనకు ఉదాహరణగా చెప్పారు, పొరపాటుగా కాదు. అందులోనూ ఒక నియమం పెట్టారు. చిన్నదాన్ని పెద్దదిగా చూడవచ్చు, పెద్దదాన్ని చిన్నదిగా చూడకూడదు. సారథిని రాజుగా భావిస్తే నష్టం లేదు, రాజును సారథిగా చూస్తే కీడు.

ఈ నియమం విమానాలకు చక్కగా సరిపోతుంది. ప్లాస్టిక్‌ను డకోటాగా చూసినవాడి వల్ల ఎవరికీ నష్టం లేదు. ఎగిరి ఎగిరి అలిసిన డకోటాలను కిలోల లెక్కన తుక్కు అల్యూమినియంగా చూసినవాళ్లు లోకమంతటా ఉన్నారు, కొలుముల్లోకి ఎన్ని పోయాయో. రాజును సారథిని చేయడమంటే అదే.

నకిలీకి దోషం ఎక్కడ అంటుకుంటుందన్నది ఇప్పుడు తేలిగ్గా చెప్పవచ్చు. పూతలో కాదు, నోరు మూసుకోవడంలో. వన్ గ్రామ్ హారాన్ని వన్ గ్రామ్ అని చెప్పి అమ్మితే అది నగ, చెప్పకుండా అమ్మితే దొంగతనం. 2021 జూన్ నుంచి బంగారు నగలకు హాల్‌మార్క్‌ను దశలవారీగా తప్పనిసరి చేసింది కూడా ఆ మౌనాన్ని చెరపడానికే. మన వైమానిక దళం దగ్గర పరశురామ అనే డకోటా ఉంది. 2018లో కానుకగా వచ్చింది. దాని తోక మీద వీపీ 905 అని ఉంటుంది. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌కు సైనికుల్ని మోసుకెళ్లిన డకోటాల్లో ఒకదాని నంబరు అది. ఇప్పటి విమానం ఆ విమానం కాదు, బ్రిటన్‌లో బాగుచేయించి తెచ్చిన వేరేది. ఆ సంగతిని ఎవరూ దాచలేదు. అందుకే అది గౌరవం అయింది. దాచి ఉంటే ఆ నంబరే దొంగ నంబరు అయ్యేది.

నమూనాలు కట్టేవాళ్లకూ ఈ పరీక్ష తప్పదు. డెక్కన్ ఎయిర్‌వేస్ ఫొటోల్లో అల్యూమినియం ఎలా మెరిసిందో తెలుస్తుంది. పేరు రాసిన అక్షరాలు, గీతల ఆకారం తెలుస్తాయి. నలుపు తెలుపు ఫొటో వర్ణాన్ని మాత్రం చెప్పదు. అక్కడ ఊహించి వేసిన రంగుకు ‘ఇది నా ఊహ’ అని చీటీ పెట్టేవాడు శంకుకుడి శిష్యుడు. పెట్టనివాడు చిప్పను వెండని అమ్మేవాడి వరసలోకి వస్తాడు, అతని పనితనం ఎంత గొప్పదైనా సరే.

బేగంపేట ఇప్పుడు రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా ప్రదర్శనకు ముస్తాబవుతుంది. కోట్ల ఖరీదు చేసే కొత్త విమానాలు బారులు తీరతాయి, జనం ఎగబడి సెల్ఫీలు దిగుతారు. ఈసారి నిర్వాహకులు ఒక మూల చిన్న గాజుపెట్టె పెట్టించాలి. అందులో డెక్కన్ ఎయిర్‌వేస్ రంగుల్లో, లోహపు మెరుపుతో 72వ వంతు డకోటా ఒకటి నిలబెట్టాలి. అలాంటి పని చేయగల చేతులు ఈ నగరంలో వెతికితే దొరక్కపోవు. కింద పలక మీద సంస్థ పేరు, 1945–1953 అన్న సంవత్సరాలు, ప్రేమ్ మాథుర్ పేరు ఉండాలి. వాటి కింద అంతే పెద్ద అక్షరాల్లో ఇంకో వరస రాయించాలి: పదార్థం ప్లాస్టిక్, పైపూత అల్యూమినియం లాకర్, గీతల రంగులు ఊహించినవి.